కనకమ్మ వేలు చూపిన చోటు

బస్తర్‌లో ఉద్యోగం పడిందని మొహం వేలాడేసుకుని కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఆ ముసలాయన సంస్థానం రోజుల్లో అక్కడ పనిచేశాడు, వెళ్ళి అడగండి" అని ఎవరో పంపిస్తారు. వాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే. నీళ్ళు ఒంటికి పడతాయా, పాములుంటాయా, భాష ఎలా? నీళ్ళు పడతాయి. పాములుంటాయి. భాష ఒకటి కాదు, నాలుగు. పొద్దున హల్బీ, మధ్యాహ్నం దోర్లీ, కచేరీలో హిందీ, బజారులో తెలుగు. మూడు నెలల్లో అన్నీ కలిపి మాట్లాడేస్తారు, భయం లేదు.

అడగాల్సింది మాత్రం ఒక్కడూ అడగడు. కడుపుతో ఉన్న మనిషికి పొట్టలో ఏదో చీము పట్టిందో, పేగు మెలిపడిందో అనిపించినప్పుడు, కొయ్యాలా ఆగాలా తేల్చుకోవలసినవాడివి నువ్వొక్కడివే అయినప్పుడు ఏం చెయ్యాలి? అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, వచ్చిన సర్టిఫికెట్లు ఇందులో ఉండవు. ఒక తప్పు ఉంది, ఆ తప్పును కప్పుకోవడానికి నేనన్న ఒక మాట ఉంది. తప్పు సంగతి తలుచుకున్నా ఇప్పుడు నాకు నిద్రపడుతుంది. ఆ మాట గుర్తొస్తే పట్టదు.

ఊరి పేరు రాయను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ళ పేర్లు కూడా మార్చాను.

రెండు గదులు, ఒక కిటికీ

శబరి నది ఒడ్డున తాలూకా ఊరు. డిస్పెన్సరీ అంటే రెండు గదులు, ఒక వసారా, ఆరు మంచాలు. ఆపరేషన్ బల్ల ఊరి వడ్రంగి టేకుతో చేసింది. దాన్ని పడమటి కిటికీ కింద వేయించాను, ఎందుకంటే మాకున్న మంచి దీపం ఆ కిటికీ ఒక్కటే. మత్తుకి ఈథరు వాడేవాళ్ళం. ఈథరు దగ్గర లాంతరు పెడితే గది మొత్తం భగ్గుమంటుంది. కాబట్టి వెలుతురు ఉన్నంతసేపే కత్తి.

నాతో ఇద్దరు పనిచేసేవాళ్ళు. కంపౌండరు రామ్‌లాల్ది జగదల్‌పూర్ వైపు. మత్తు ఇచ్చేది అతనే. తెలుగు అర్థమయ్యేది కానీ కంగారు పడితే హిందీలోకి వెళ్ళిపోయేవాడు. ఆయా లచ్చి అక్కడి అడవి తెగ దోర్ల మనిషి, చుట్టుపక్కల పల్లెల్లో సగం మందికి పురుళ్ళు పోసింది. పెద్ద డాక్టరు జగదల్‌పూర్‌లో ఉండేవాడు. రోడ్డు ఎండి ఉంటే లారీలో ఒక రోజు ప్రయాణం. వానాకాలంలో ఆ రోడ్డు సంగతి మర్చిపోవడమే.

ఆ పెద్ద డాక్టరు గురించి ఒక ముక్క. నేను చూసిన అధికారుల్లో అరవని మనిషి ఆయనొక్కడే. ఏ కేసు గురించి రిపోర్టు పంపినా, పాత కాగితం వెనకవైపు ఒకే ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపేవాడు. దానికంటే రెండు తిట్లు తిన్నా బాగుండేదనిపించేది.

గడప ఇవతల కుర్చీ

బజారు మధ్యలో సావుకారి ఇల్లు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పక్కన చింతపండు, ఇప్పపువ్వు బస్తాల గోదాము. తాతలనాడు గోదావరి దాటి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు కనకమ్మకు పెళ్ళయి పదేళ్ళయినా పిల్లలు లేరు. చిన్నకోడలు రత్తమ్మకు అప్పుడు ఆరో నెల.

నేను ఆ ఊరికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఒకరోజు సావుకారు కబురు పంపాడు. చిన్నకోడలికి పక్కలో నొప్పి, కొంచెం జ్వరం.

ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. కడుపుతో ఉన్న కోడలి పొట్ట మీద పరాయి మగవాడి చెయ్యి పడకూడదు. డాక్టరుకి గడప ఇవతల కుర్చీ వేస్తారు. తెర సందులోంచి రోగి చెయ్యి బయటికి పెడితే నాడి చూసుకోవాలి. నొప్పి ఎక్కడుందో లోపలి మనిషి ఇంకో ఆడమనిషికి చూపిస్తుంది. ఆ రెండో ఆవిడ గడప దాకా వచ్చి, అదే చోటు తన ఒంటి మీద, చీర పైనుంచి వేలు పెట్టి చూపిస్తుంది. డాక్టరు ఆ వేలిని చూసి జబ్బు చెప్పాలి.

ఆరోజు గడప దగ్గర నిలబడింది కనకమ్మ. లోపలికి వెళ్ళి, తోటికోడలిని రెండుసార్లు అడిగి, వచ్చి కుడివైపు నడుముకి పైన, పక్కటెముకలకు కొద్దిగా కింద వేలు ఆనించింది.

"ఈడనేనట. నొక్కితే ఇంక జాస్తి అయితదట" అంది.

కుడి పక్కన, పైకి. జ్వరం, నాడి నూట పది. గర్భిణులకు మూత్రపిండం వాయడం మామూలే అని చదువుకున్నాను. మూత్రం తెప్పించి గాజు గొట్టంలో చూశాను. తేటగా ఉంది. తేటగా ఉంటే మూత్రపిండం కాదేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని పక్కకు తోసేశాను. కొత్త డాక్టర్లందరికీ ఇదే రోగం. ఒకసారి పేరు పెట్టేశాక, ఆ పేరుకి సరిపోనివన్నీ కంటికి ఆనవు.

లచ్చిని లోపలికి పంపి పొట్ట తడిమి చూడమని ఉండాల్సింది. దోర్ల మనిషిని ఆ ఇంటి లోపలికి రానివ్వరు. గట్టిగా పట్టుబట్టి ఉంటే రానిచ్చేవాళ్ళేమో. వచ్చిన కొత్తలోనే సావుకారితో తగువెందుకని నోరు మూసుకున్నాను. క్షారం కలిపిన మందు సీసాలో పోసిచ్చి, కాపడం పెట్టమన్నాను. అత్తగారు ఆముదం పట్టమంటారా అని అడిగితే, పట్టండి అన్నాను. పొట్టలో చీము పట్టిన పేగుకు ఆముదం పట్టిస్తే ఏమవుతుందో మీకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు.

మూడో రోజు సాయంత్రం సావుకారు నవ్వుతూ వచ్చాడు. "నొప్పి ఒక్కపాలి తగ్గింది డాక్టరుగారూ. మీ చేతి మందు మంచిగ పనిచేసింది" అన్నాడు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. నొప్పి అలా ఒక్కసారిగా తగ్గితే సంతోషించకండి. లోపల ఏదో పగిలినప్పుడు కూడా అలాగే తగ్గుతుంది.

మర్నాడు పొద్దున్నే నలుగురు మంచం మోసుకొచ్చారు. రత్తమ్మ వణికిపోతోంది. ఆ స్థితిలో తెరా లేదు, గడపా లేదు. నేను మొదటిసారి ఆమె పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది.

జగదల్‌పూర్‌కి పంపే వ్యవధి లేదు. తెరిచాను. అపెండిక్స్ చిట్లి ఉంది. ఆరో నెల గర్భసంచి పెరిగి పెరిగి దాన్ని తోసుకుంటూ పైకి తీసుకుపోయింది. నా పుస్తకంలో బొమ్మ తుంటి ఎముక దగ్గర ఉంటే, ఆమె ఒంట్లో అది పక్కటెముకల వైపు ఉంది. చీము తోడి, రబ్బరు గొట్టం పెట్టి, ఉన్న సల్ఫా మాత్రలన్నీ ఆమెకే వాడాను. రెండో రోజు బిడ్డ పోయింది. మగపిల్లవాడు. రత్తమ్మ రెండు నెలలు మంచంలో ఉండి బతికింది.

బిడ్డ పోయిన రోజు వసారాలో అత్తగారు నన్ను నిలదీసింది. "మూడు దినాలు మీ మందే పోస్తిమి గద. ఏం చూసిండ్రు?"

సావుకారు పక్కనే ఉన్నాడు. ఇద్దరు కొడుకులూ ఉన్నారు. నాకు ఇరవై ఏడేళ్ళు. "జబ్బు ఒక చోట ఉంది, మీ ఇంట్లో చూపించిన చోటు ఇంకోటి" అన్నాను.

అంతే. ఎవరినీ పేరు పెట్టి అనలేదు. అనక్కర్లేకపోయింది.

పాత కాగితం వెనకవైపు

రిపోర్టు పంపాను. పెద్ద డాక్టరు ప్రశ్న వచ్చింది. "నొప్పి ఎక్కడ అన్నారు?"

ఉన్నది ఉన్నట్టు రాశాను. ఫలానా పద్ధతిలో, ఫలానా మనిషి తన ఒంటి మీద ఇక్కడ చూపించిందని. ఈసారి జవాబు ప్రశ్న కాదు. నెలనెలకీ గర్భసంచి ఎంత పైకి వస్తుందో, దానితోపాటు అపెండిక్స్ ఎంత పైకి జరుగుతుందో పెన్సిలుతో ఒక పొట్ట బొమ్మ గీసి, గీతలు పెట్టాడు. ఆరో నెల గీత దగ్గర ఒక చుక్క. కింద రెండు వాక్యాలు: "ఆమె వేలు సరైన చోటే ఉంది. చదువు మాత్రం నీ దగ్గర సరైన చోట లేదు."

బిడ్డ పోయి అప్పటికి పదిహేను రోజులు. ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాను.

అప్పుడే సావుకారి ఇంటికి వెళ్ళి చెప్పి ఉండాల్సింది. రత్తమ్మ కోలుకున్నాక చెబుదామనుకున్నాను. కోలుకున్నాక, గాయం మానుతుంటే మళ్ళీ రేపడమెందుకు అనుకున్నాను. ఈలోగా ఊరి మాటలు లచ్చి ద్వారా నా చెవిన పడుతూనే ఉన్నాయి. పిల్లల్లేని మనిషి కదా, తోటికోడలి కడుపు పండుతుంటే ఓర్వలేక కావాలని తప్పు చోటు చూపించిందట. కనకమ్మను వంటింట్లోంచి తప్పించి పెరట్లో గిన్నెల దగ్గర వేశారట. పేరంటాలకు పిలవడం లేదట. భర్త కొట్టు పనిమీద భూపాలపట్నం పోతే నెలల తరబడి అక్కడే ఉంటున్నాడట.

ఇవన్నీ విని నేనేం చేశానంటారా? మందులు కలుపుకున్నాను.

మరైగూడ నుంచి వచ్చిన మనిషి

ఆ మరుసటి సంవత్సరం మరైగూడ పల్లె నుంచి ఒక దోర్ల రైతుకుటుంబం వాళ్ళు మంచాన్ని కర్రకు కట్టి, మంచం మీద తమ ఇంటి ఆడమనిషిని మోసుకొచ్చారు. నాలుగో నెల. మెలికలు తిరిగిపోతోంది. నేను లచ్చిని పిలిచేలోపే ఆమె నా మణికట్టు పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. ఎక్కడ ఎంత నొక్కాలో నా చేతిని తనే నడిపించింది. కోడిగుడ్డంత గడ్డ ఒకటి వేళ్ళకు తగిలింది. అండాశయం మీద తిత్తి, కాడ మెలిపడింది. గర్భం కుదుటపడేదాకా ఆగుదామా అన్న ఆలోచన వచ్చింది. పెద్ద డాక్టరు గీసి పంపిన బొమ్మ కళ్ళముందు మెదిలింది. ఆగలేదు, ఆ మధ్యాహ్నమే తీసేశాను. తల్లీ, కడుపులో బిడ్డా ఇద్దరూ బతికారు.

గర్భిణి కదా అని కత్తికి భయపడి ఆలస్యం చేసేవాడు బిడ్డను కాపాడుతున్నాననుకుంటాడు. బిడ్డను చంపేది మామూలుగా కత్తి కాదు, ఆ ఆలస్యం. గర్భసంచిని అనవసరంగా ముట్టుకోకు, తల్లికి గాలి, రక్తం తగ్గనివ్వకు, పని ముగించి బయటికి రా. నాకు తెలిసిందంతా ఈ మూడు ముక్కలే.

ఆ కేసు గురించి పెద్ద డాక్టరు ఏ ప్రశ్నా వేయలేదు. చాలా గర్వపడ్డాను. ఎవరి వేలి పుణ్యమా అని అది నేర్చుకున్నానో ఆమె అప్పటికీ పెరట్లో గిన్నెలు తోముతోంది.

మూడేళ్ళకు

రత్తమ్మ మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజునుంచీ నాకు కుదురు లేదు. ఒకసారి పొట్టలో అంత చీము పట్టాక, లోపల పేగులు అతుక్కుని తాళ్ళలాంటి పట్టీలు ఏర్పడతాయి. మామూలుగా అవి ఊరుకుంటాయి. గర్భసంచి పెరిగి పేగుల్ని పైకి తోసినప్పుడు ఆ పట్టీ కింద పేగు ఇరుక్కుపోవచ్చు.

ఆషాఢంలో, శబరి రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతున్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండింటికి సావుకారే గొడుగేసుకుని వచ్చాడు.

"చిన్నకోడలికి వాంతులు. వేవిళ్ళే, ఆగుతలేవు. సీసాల ఇంత మందు పోసియ్యుండ్రి."

"ఆరో నెల దగ్గరపడుతుంటే వేవిళ్ళేంటండీ?" అని, మందు ఇవ్వకుండా ఆయన వెంటే నడిచాను.

మళ్ళీ అదే గడప, అదే కుర్చీ. ఈసారి తెర దగ్గర నిలబడింది అత్తగారు. వాంతులు పొద్దుటినుంచే అంది. నొప్పి లేదంది. విరేచనం నిన్న బాగానే అయిందంది. తెరలోంచి రత్తమ్మ చెయ్యి వచ్చింది. నాడి దారంలా సన్నగా పరుగెడుతోంది. చర్మం చిటికెతో పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. ఒక్కపూట వాంతులకు అలా ఎండిపోరు. అత్తగారు కత్తికి భయపడి దాస్తోందని అర్థమైంది. పొట్ట చూస్తానంటే, "ఏంది డాక్టరుగారూ, మళ్ల కత్తేనా? ఒక్కపాలి అయింది చాలదా?" అంది.

రెండు మూడు రోజులనుంచి పేగు ఆగి ఉంటే ఇప్పుడే కొయ్యాలి. ఈరోజే మొదలైన మామూలు వాంతులైతే, కోసి నేనే బిడ్డను పోగొట్టినవాణ్ణవుతాను. ఎప్పటినుంచి, ఎలా, ఏం రంగు అన్నది ఎవరైనా నిజం చెప్పాలి. ఆ ఇంట్లో వాంతి గిన్నెలు, తొట్లు కడిగేదెవరో నాకు తెలుసు.

చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాను. కనకమ్మ బావి పక్కన చూరు కింద కూర్చుని బూడిదతో ఇత్తడి గిన్నె తోముతోంది. మూడేళ్ళలో మనిషి సగమైంది.

"అమ్మా, రత్తమ్మకు ఎప్పటినుంచి ఇలా ఉంది?"

ఆమె తలెత్తలేదు. "నన్నడగకుండ్రి. నా వేలు మంచిది గాదు."

"నీ వేలు సరైన చోటే చూపించింది" అన్నాను. మళ్ళీ చెప్పాను. "ఆరోజు నువ్వు చూపించిందే సరైన చోటు. కడుపుతో ఉన్నవాళ్ళకు అది పైకి జరుగుతుందని నాకే తెలియదు. తప్పు నాది."

గిన్నె తోమడం ఆగింది.

"మీకెప్పుడు ఎరుక?"

"పదిహేను రోజులకే. పెద్ద డాక్టరు ఉత్తరం రాశాడు."

"అంటె మూడేండ్ల కిందనే."

"అవును."

ఆమె చేతికున్న బూడిద కడుక్కుని లేచింది.

"పోయి అది ఆళ్ళ ముందర చెప్పుండ్రి. అప్పుడు నేను చెప్త."

"ముందు నువ్వు చెప్పమ్మా. లోపల ఆ పిల్ల ప్రాణం..."

"అది నాకు ఎరుకే, గిన్నెలు కడిగేదే నేను. మీరు చెప్పుండ్రి. మూడేండ్లు నేను ఆగిన. పది మాటలు చెప్పనీకి మీకెందుకు అంత తిప్పలు?"

మీకు నిజం చెబుతాను. ఆ క్షణాన నా భయం పరువు గురించి మాత్రమే కాదు. మొదటి బిడ్డ పోవడం నా చేతకానితనమే అని ఒప్పుకున్నాక, రెండో బిడ్డ ఉన్న పొట్టను ఏ ఇంటివాళ్ళు నా చేతికిస్తారు? చెబితే కొయ్యనివ్వరు, చెప్పకపోతే కొయ్యాలో వద్దో తెలియదు. అయినా వసారా వైపు నడిచాను.

సావుకారు, అత్తగారు, చిన్నకొడుకు అక్కడే ఉన్నారు. నిలబడే చెప్పాను. కనకమ్మ చూపించింది సరైన చోటని, ఆలస్యం నా వల్ల జరిగిందని, ఆముదం పట్టమన్నదీ నేనేనని, అది తెలిసి కూడా మూడేళ్ళు దాచానని.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పిల్లగాణ్ణి పోగొట్టింది మీరా? ఇన్నొద్దులు దీన్ని పెరట్ల కూసోబెట్టించి, మళ్ల మీ చేతికే కోడల్ని ఇయ్యమంటరా?"

వెనకనుంచి కనకమ్మ గొంతు వినిపించింది. ఆమె పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మూడొద్దులాయె. మొదట పచ్చగ కక్కింది, నిన్న ఆకుపసరు లెక్క, ఇయ్యాల పొద్దుగాల సంది ఒకటే కంపు. మూడొద్దుల సంది కడుపు కదల్లే, గాలి గూడ పోలే. నొప్పి ఒక్కతీర్న ఉండదు, వస్తది, పోతది. వచ్చినప్పుడు కడుపు గుడగుడమని లేస్తది."

ఏ పుస్తకంలోనూ పేగు అడ్డుపడటం గురించి అంత బాగా రాసినవాణ్ణి నేను చూడలేదు.

ఇంకెవరూ మాట్లాడకముందే తెర వెనకనుంచి రత్తమ్మ పిలిచింది. గొంతు గీరుకుపోయింది. "అత్తమ్మా, తెర తియ్యుండ్రి. ఈపాలి నా కడుపు నేనే చూపిస్త."

అత్తగారు కదల్లేదు. కనకమ్మ వెళ్ళి తెర లాగేసింది. రత్తమ్మ చూపించిన చోట చెయ్యి వేశాను, పొట్ట డప్పులా ఉబ్బి ఉంది.

సావుకారు నావైపు చూశాడు. "ఇంకో డాక్టరు ఉంటె నీ మొగం గూడ చూడకపోదును" అన్నాడు. అంతవరకూ నన్ను మీరు అన్న మనిషి. బయట వాన వైపు చూశాడు. "లేడు. తీస్కపో."

వెలుతురు ఉన్నంతసేపు

బల్ల మీదికి చేర్చేసరికి మూడు దాటింది. మబ్బు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులో నిలిచినదంతా తోడాం, లేకపోతే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తొడల్లో చర్మం కింద ఉప్పునీళ్ళు ఎక్కించాం. రామ్‌లాల్ ఈథరు చుక్కలు వేయడం మొదలుపెట్టాడు.

పాత మచ్చ పక్కన కోశాను. అనుకున్నట్టే చిటికెనవేలు లావు పట్టీ ఒకటి, దాని కింద జానెడు పేగు నల్లద్రాక్ష రంగులో. పట్టీ తెగ్గొట్టడం ఒక్క క్షణం పని. కష్టం ఆ తర్వాత. ఆ పేగు బతికి ఉందా, చచ్చిపోయిందా? చచ్చిపోతే ఆ ముక్క తీసి రెండు కొసలూ కలపాలి. ఆ వెలుతురులో అది నా వల్ల అయ్యేది కాదు. వేడి ఉప్పునీళ్ళ గుడ్డ కప్పి, ఆగాను. పక్కనే గర్భసంచి. దానికి చెయ్యి తగలకుండా మోచేతులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను.

"సాబ్, ఉజాలా జా రహా హై" అన్నాడు రామ్‌లాల్. వెలుతురు పోతోందని నాకూ కనిపిస్తూనే ఉంది.

గుడ్డ తీశాను. నలుపే. మళ్ళీ కప్పాను. లచ్చి వేడినీళ్ళు మార్చింది. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తులేదు. రెండోసారి తీసేసరికి ఒక అంచున ఎరుపు. మూడోసారికి ఆ ఎరుపు పాకింది, పేగు మెల్లగా ఒకసారి ముడుచుకుని కదిలింది. ఇంకో పావుగంటలో పొట్ట మూసేశాను. చివరి కుట్టు దాదాపు తడుముకుంటూ వేశాను.

తల్లి బతుకుతుందనిపించింది. బిడ్డ సంగతి తెలియదు. పొట్ట తెరిచాక రెండు మూడు రోజులు గర్భసంచి గట్టిపడుతూ వదులుతూ ఉంటుంది. అది ఆగకపోతే బిడ్డ దక్కదు. మార్ఫియా ఇచ్చి, ఎవరైనా ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుని లెక్క చెప్పాలన్నాను. లచ్చి ఒక్కతే ఎంతసేపని కూర్చుంటుంది?

"నేను కూసుంట" అంది కనకమ్మ.

రెండు రోజులు కూర్చుంది. అరచెయ్యి పరిచి, కళ్ళు మూసుకుని. "గట్టిపడ్డది... ఇగో వదిలింది." నేను గడియారం చూసి రాసుకునేవాణ్ణి. ఐదు నిమిషాలకొకసారి. తర్వాత పదికి. రెండోరోజు మధ్యాహ్నం గంటసేపు ఆమె ఏమీ అనలేదు. "ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం లేదు. మెత్తగనే ఉంది" అంది. చెక్కగొట్టం ఆనించి విన్నాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది.

రాసివ్వలేని మందు

మీకు చెప్పవలసింది ఇంక కొంచెమే ఉంది. పొట్టను నీ చేత్తో చూడు. చూడనివ్వకపోతే చూడనిచ్చేదాకా ఆ గడప దగ్గరే కూర్చో. నొప్పి ఎక్కడని చెప్పిన మనిషి మాటకూ, నీ పుస్తకానికీ పొత్తు కుదరకపోతే ముందు పుస్తకాన్నే అనుమానించు. తప్పులు చేస్తావు, చెయ్యకుండా ఎవడూ లేడు. ఆ తప్పు ఎవరి మీద పడిందో వెంటనే వెళ్ళి చూడు, ఎందుకంటే అది ఎప్పుడూ ఆ ఇంట్లో అందరికంటే బలహీనుల మీదే పడుతుంది. నాకు ఇది వైద్యంలో భాగమని ఎవరూ చెప్పలేదు.

చలి మొదలయ్యాక రత్తమ్మకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పురుడు లచ్చి పోసింది, సావుకారి ఇంటి లోపలే. ఇరవై రోజులకు నన్ను పిలిచారు. కుర్చీ ఈసారి గడపకు అవతల వేశారు. అత్తగారు బెల్లం పెట్టింది కానీ నాతో మాట్లాడలేదు. పిల్లను తెచ్చి చూపించింది కనకమ్మ. మళ్ళీ వంటింట్లోకి వచ్చిందని చేతికి అంటిన పసుపు చూస్తే తెలిసింది.

ఎవరూ లేనప్పుడు అన్నాను. "అమ్మా, నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమె పిల్ల తలకింద చెయ్యి సర్దింది. కోపం కనిపించలేదు. కోపం ఉంటే బాగుండేది.

"తెల్వక చేసింది తప్పు గాదు డాక్టరుగారూ. దానికి నేనేమనుకోను" అంది. "తెలిసినంక మూడేండ్లు ఊకున్నరు గద. ఆ మూడేండ్లకు ఏమన్న మందుంటే రాసియ్యుండ్రి."

అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులో కలం మీదికి పోయింది. తీసి, పట్టుకుని, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.